ఆటలో అరటిపండు, క్లాసులో అల్లరి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఎలిమెంటరీ స్కూలు మాస్టారిని కదిపినా, క్లాసులో ఒకరిద్దరు పిల్లల గురించి ఇంచుమించు ఒకే చిట్టా విప్పుతారు. కుదురుగా కూర్చోడు. బోర్డు మీది లెక్క ఎక్కించుకోమంటే సగం రాసి వదిలేస్తాడు. పక్కవాడి మీద పడుతుంటాడు. రోజుకో పెన్సిల్ విరగ్గొడతాడు. ఆటల పీరియడ్‌లో అయితే గొడవ పెట్టుకుంటాడు, లేదంటే ఒక్కడే చెట్టు కింద కూర్చుంటాడు. తల్లి బడికొచ్చి "మా గుంటడికి ఏటైంది మాస్టారూ, ఎంత చెప్పినా బుర్రకెక్కట్లేదు" అని అడిగితే, "ధ్యాస లేదమ్మా" అనే జవాబుతో సంభాషణ ముగుస్తుంది.

ఆ చిట్టాలో నిజంగా ధ్యాసకు చెందినవి ఎన్ని, చేతులూ కాళ్లూ మాట వినకపోవడం వల్ల వచ్చినవి ఎన్ని అని విడదీసి చూసేవాళ్లు తక్కువ. విడదీయడం తేలికేమీ కాదు కూడా. ఎందుకంటే చాలామంది పిల్లల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి. ధ్యాస నిలవకపోవడం, అతిగా కదలడం, ఆలోచించకుండా చేసేయడం కలగలిసిన ఏడీహెచ్‌డీ బడి వయసు పిల్లల్లో నూటికి సుమారు ఐదుగురిలో ఉంటుందని అంచనా. వయసుకు తగ్గట్టు చేతులు, కాళ్లు, కంటిచూపు కలిసి పనిచేయకపోవడాన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. క్లుప్తంగా డీసీడీ. ఇదీ నూటికి ఐదారుగురిలో కనిపిస్తుంది. అంటే నలభై మంది ఉన్న క్లాసులో ఇద్దరు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి కదలికల్లోనూ చెప్పుకోదగ్గ ఇబ్బంది ఉంటుందని చాలా అధ్యయనాల్లో తేలింది. కాకతాళీయం అనుకోవడానికి వీల్లేనంత పెద్ద వాటా ఇది.

ఈ లంకె డాక్టర్లకు కొత్తేమీ కాదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో క్రిస్టఫర్ గిల్‌బర్గ్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1980ల్లోనే ధ్యాస, కదలిక, గ్రహణశక్తి మూడింటిలోనూ లోపాలున్న పిల్లల్ని ఒకే గుంపుగా చూసి, ఆ స్థితికి డ్యాంప్ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఉత్తర ఐరోపా దాటి పెద్దగా నిలవలేదు. ప్రపంచమంతా ఏడీహెచ్‌డీ అన్న మాటకే అలవాటుపడింది. దాంతో ధ్యాస సంగతి మానసిక వైద్యుడి దగ్గరికి, చేతుల సంగతి ఫిజియోథెరపిస్టు దగ్గరికి చెరో దారిన పోయాయి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యల్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే పుస్తకం) రెండింటినీ ఒకే అధ్యాయంలో చేర్చింది, అవసరమైతే ఒకే బిడ్డకు రెండూ రాయవచ్చు. కానీ మన జిల్లాల్లో డీసీడీ అన్న పేరు విన్న తల్లిదండ్రులు చాలా అరుదు. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం యూట్యూబ్ పుణ్యమా అని ఇప్పుడు చాలామంది నోట నలుగుతోంది.

చెయ్యి తిరగకపోతే ధ్యాస ఎందుకు చెదురుతుందో తెలియాలంటే, రెండో తరగతి పిల్లాడు "శ్రీకాకుళం" అన్న ఒక్క మాట రాస్తుంటే పక్కన కూర్చుని చూస్తే చాలు. శ గీయాలి, దానికి గుడిదీర్ఘం పెట్టాలి, అక్షరాన్ని కిందనుంచి చుట్టేలా క్రావడి దించాలి. తర్వాత కా, కొమ్ముతో కు, చివర మెలికలు తిరిగే ళ, దాని పక్కన సున్నా. చెయ్యి తిరిగిన పిల్లకు ఇందులో ఏదీ ఆలోచించి చేసే పని కాదు. వేళ్లు వాటంతటవే పోతుంటే, చెవి మాస్టారి తర్వాతి మాట మీద ఉంటుంది. చెయ్యి తిరగని పిల్లాడికి ప్రతి వంపూ ఒక పనే. ఎంత నొక్కాలి, ఎక్కడ ఆపాలి, వత్తుకి కింది గీత దాకా చోటు ఉందా, జారిపోతున్న నోటుబుక్కును ఎడమచేత్తో పట్టుకోవడం మర్చిపోయానా అన్నీ చూసుకోవాలి. వాడు ళ పూర్తిచేసి తలెత్తేసరికి బోర్డు మీద రెండు లైన్లు ముందుకు పోయి ఉంటాయి. మాస్టారి కంటికి అది పరధ్యానం. నిజానికి వాడి ధ్యాసంతా ఆ ళ మీదే ఉంది, మిగతావాటికి మిగల్లేదంతే. (విజయనగరం పిల్లలది కాస్త అదృష్టం, జిల్లా పేరులో ఒక్క వత్తూ లేదు. అయినా ఆగస్టు వచ్చేసరికి "స్వాతంత్ర్యం" రాయక తప్పదు.)

మనసులో ఒక సమయంలో పట్టి ఉంచగలిగే విషయాలు కొన్నే. ఒక పని అలవాటుగా మారితే అది ఆ చోటును ఖాళీ చేస్తుంది, మారకపోతే ఆక్రమించుకునే ఉంటుంది. కూర్చోవడం విషయంలోనూ ఇదే జరుగుతుంది. నడుము, వీపు కండరాల మీద పట్టు తక్కువగా ఉన్న పిల్లలు నేల మీద బాసింపట్టు వేసుకుని ఐదు నిమిషాలు నిటారుగా ఉండలేరు. కాళ్లు చాపుతారు, మోకాళ్ల మీద లేస్తారు, గోడకు చేరబడతారు, గోడ లేకపోతే పక్కవాడికి చేరబడతారు. "మీదపడుతున్నాడు" అన్న ఫిర్యాదు అక్కడ పుడుతుంది. బెంచీలున్న బడుల్లో కాళ్లు నేలకు ఆనకపోయినా ఇదే తంతు. కాళ్ల కింద ఏదైనా పీట వేసి చూస్తే, కదలడంలో ఎంత భాగం అల్లరో ఎంత భాగం అవస్థో కొంతైనా తెలుస్తుంది.

ఇక మెదడు సంగతి. తల వెనక కింది భాగంలో ఉండే చిన్నమెదడు బరువులో మొత్తం మెదడుకు పదో వంతే, కానీ మెదడులోని నాడీకణాల్లో దాదాపు 80 శాతం అందులోనే ఉంటాయి. చాలాకాలం దాన్ని నడక, తూకం, చేతుల నేర్పు చూసుకునే యంత్రంగానే చదువుకున్నారు. అమెరికన్ న్యూరాలజిస్టు జెరెమీ ష్మామన్ 1998లో, చిన్నమెదడు దెబ్బతిన్న రోగుల్లో ప్లాన్ చేసుకోవడం, మాట, భావోద్వేగాల అదుపు కూడా దెబ్బతింటున్నాయని చూపించాడు. 2000లో అడెల్ డైమండ్ అనే పరిశోధకురాలు రాసిన ఒక సమీక్షా వ్యాసం ఈ దారిని పిల్లల వైపు తిప్పింది. కొత్త పని, కష్టమైన పని, వెంటవెంటనే మారే పని చేసేటప్పుడు నుదుటి వెనక ఉండే ముందుభాగం, చిన్నమెదడు రెండూ జంటగా పనిచేస్తాయనీ, ఒకటి ఎదగడంలో వెనకబడితే రెండోదాని పనిలోనూ అది కనిపిస్తుందనీ ఆమె వాదన. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మెదడు స్కాన్‌లలో చిన్నమెదడు సగటున కాస్త చిన్నదిగా ఉండటం ఈ వాదనకు బలమిచ్చింది. సగటు మాటే సుమా. ఒక్క బిడ్డ స్కాన్ చూసి ధ్యాస గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు, చెప్తామనేవాళ్లను నమ్మనక్కర్లేదు.

అయితే ఏది దేనికి కారణం? ఇక్కడే తొందరపాటు ఎక్కువ. నిలకడ లేని పిల్లాడు ఏ పనినీ పదిసార్లు చేయడు కాబట్టి చెయ్యి తిరగదు, ఇది ఒక దారి. చెయ్యి తిరగనివాడు విసిగి, పని వదిలేసి, పరధ్యానంగా కనిపిస్తాడు, ఇది రెండోది. నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువు, వారసత్వం లాంటి ఒకే వేరు నుంచి రెండూ మొలకెత్తడం మూడోది. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలు మూడోదాని వైపు గట్టిగానే మొగ్గుతున్నాయి. మిగతా రెండూ అబద్ధమని కాదు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మందు వాడినప్పుడు కొందరు పిల్లల చేతిరాత, చేతిపనులు కూడా మెరుగవుతాయి, కొందరిలో ధ్యాస కుదిరినా చేతులు మాత్రం మునుపటిలాగే ఉంటాయి. మొదటివాళ్లలో ధ్యాసే అసలు అడ్డంకి. రెండోవాళ్లకు కదలికల్లో వేరే ఇబ్బంది ఉంది, దాన్ని మందు తీర్చదు. ఒకే ఫిర్యాదుతో వచ్చిన ఇద్దరు పిల్లలకు ఒకే సలహా సరిపోదని చెప్పడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు.

అందుకే ధ్యాస ఎంత ఉంది అన్నదానికంటే ఎప్పుడు పోతోంది అన్నది చూడటం ఉపయోగం. కథ చెప్తుంటే కళ్లార్పకుండా వింటాడు, నోటిలెక్కలు టకటకా చెప్తాడు, నోటుబుక్కు తియ్యగానే దిక్కులు చూస్తాడంటే ముందు చేతుల వైపు చూడాలి. కథలోనూ, ఆటలోనూ, అన్నం తినేటప్పుడూ, దుకాణానికి పంపినప్పుడూ ధ్యాస జారుతుంటే అది వేరే సంగతి. డీఎస్ఎం-5 కూడా ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై, కనీసం ఆరు నెలలుగా ఉండి, బడి, ఇల్లు లాంటి రెండు చోట్లా కనిపించాలంటుంది. వీటన్నిటికంటే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి. రక్తహీనత ఉందేమో చూడాలి, ఇనుము లోపం ధ్యాసనూ కదలికలనూ రెండింటినీ దెబ్బతీస్తుంది. పుర్రచేతి వాటం ఉన్న పిల్లల్ని కొట్టో తిట్టో కుడిచేత్తో రాయిస్తున్నారేమో కూడా అడగాలి. పెద్దలున్న ఇళ్లలో ఆ పట్టుదల ఇంకా పోలేదు.

చెయ్యి తిరగకపోతే చదువు వెనకబడుతుందన్నది తల్లిదండ్రులకు చెప్తే అర్థమవుతుంది. స్నేహాలు కూడా వెనకబడతాయన్నది అంత తొందరగా ఎక్కదు. కదలికకూ మనుషులకూ ఉన్న సంబంధం నడక నాటినుంచే మొదలవుతుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కేరెన్ అడాల్ఫ్ బృందం 2012లో లెక్కగట్టిన ప్రకారం, అప్పుడే నడక నేర్చిన పిల్లలు ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారు, 17 సార్లు పడతారు. అదే బృందం మరో పరిశీలనలో చూసిందేమిటంటే, పాకే బిడ్డ బొమ్మను ఉన్నచోటి నుంచే చూపిస్తే, నడిచే బిడ్డ దాన్ని పట్టుకుని తల్లి దగ్గరికి వెళ్తుంది. తల్లి మాట కూడా మారుతుంది, "తెరువు, తిప్పు, అన్నకివ్వు" అంటుంది. ఒకే వయసు పిల్లల్లో నడక వచ్చినవాళ్లకు, ఇంకా పాకుతున్నవాళ్లకంటే ఎక్కువ మాటలు తెలుస్తాయని 2014లో వాల్, క్యాంపోస్ అనే పరిశోధకులు చూపించారు. కాళ్లు కదిలినకొద్దీ చుట్టూ ఉన్నవాళ్లు ఆ బిడ్డతో వేరే రకంగా మాట్లాడటం మొదలుపెడతారన్నమాట.

ఆరేళ్లు దాటాక తల్లి స్థానంలోకి జట్టు వస్తుంది. మన ఊళ్లలో సాయంత్రం ఏడుపెంకులాట మొదలయ్యే తీరు తెలిసిందే. పంటలు వేసుకుంటారు, జట్లు కడతారు, ఒక పిల్లాడు మిగిలిపోతాడు. బంతి విసిరితే పెంకులకు తగలదు, పరిగెత్తితే తన కాళ్లే తనకు అడ్డం పడతాయి. పెద్ద మనసున్న జట్టయితే వాణ్ని "ఆటలో అరటిపండు" అని చేర్చుకుంటుంది. అవుటైనా అవుట్ కాడు, కొట్టినా పాయింటు రాదు. నాలుగేళ్ల చిన్నాడికి అది ముద్దే. ఎనిమిదేళ్లవాడికి రోజూ అదే పదవి ఇస్తే వాడికి అర్థమవుతుంది. ఆడకపోతే చెయ్యి తిరగదు, చెయ్యి తిరగకపోతే ఆడనివ్వరు. పైగా పిల్లల మధ్య వంతు కోసం ఆగడం, ఓటమి మింగడం, అవతలివాడి మొహం చూసి వాడికి కోపమొచ్చిందో లేదో పసిగట్టడం, "తొండి" అన్నప్పుడు వాదించి మళ్లీ కలవడం, ఇవన్నీ నేర్పే క్లాసు అదొక్కటే. ఆ క్లాసుకు వాడు రోజూ ఆబ్సెంటే.

బ్రిటన్‌లో మేరీ స్మిత్, హెదర్ ఆండర్సన్ 2000లో ప్రచురించిన పరిశీలనలో ఇదే తేలింది. ఆరు నుంచి పదేళ్ల లోపు, కదలికల్లో ఇబ్బందులున్న పిల్లలు బడి ఆవరణలో మిగతావారికంటే ఎక్కువసేపు ఒంటరిగానో, చూస్తూ నిలబడో గడిపారు. మగపిల్లలైతే ఫుట్‌బాల్ లాంటి జట్టు ఆటల్లో తక్కువగా కనిపించారు. ఆడపిల్లల సంగతి ఇంకా లోపలికి పోతుంది. తొక్కుడుబిళ్లలో గీత తొక్కినా, అచ్చంగాయల్లో రాయి జారినా గొడవ చేయకుండా పక్కకు తప్పుకుంటారు, "సిగ్గరి పిల్ల" అనిపించుకుంటారు. గొడవ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

దీనికి ధ్యాస సమస్య తోడైతే బరువు రెట్టింపవుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు తమ వంతు రాకముందే దూకుతారు, మధ్యలో నియమాలు మరిచిపోతారు. అమెరికాలో బెట్సీ హోజా బృందం 2005లో అడిగి చూస్తే, అలాంటి పిల్లల్లో సగం మందికి పైగా తోటి పిల్లలు "వద్దు" అన్నవాళ్ల కోవలో ఉన్నారు. కండరాల బలం మీద అదుపు లేకపోవడమూ కలిస్తే, కబడ్డీలో ముట్టుకోబోయి తోసేస్తాడు, భుజం తట్టబోయి కొడతాడు. ఎదుటివాడికి తగిలింది దెబ్బే, ఉద్దేశం ఎవరికి కనబడుతుంది? ఇంటికి వచ్చే ఫిర్యాదు "కొట్టాడు" అనే. అలా రెండేళ్లు గడిచాక వాడు నిజంగానే కొట్టడం నేర్చుకున్నా ఆశ్చర్యం లేదు.

ఇది మనసు దాకా ఎలా చేరుతుందో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరం చుట్టుపక్కల 1990ల మొదట్లో పుట్టిన వేలమంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనం చూపించింది. డీసీడీ లక్షణాలున్న పిల్లల్లో దిగులు, ప్రవర్తన సమస్యలు ఎక్కువగా ఉన్నాయని 2012లో ఆ బృందం రాసింది. కానీ తోటివారి వేధింపులు, ఆత్మవిశ్వాసం, మాటకారితనం, స్నేహాలు లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా చాలావరకు తగ్గింది. చేతులు కాస్త మొద్దుగా ఉండటం కంటే, దానివల్ల జరిగే అవమానమే పెద్ద భాగం అని దీన్నుంచి అర్థం చేసుకోవచ్చు. కాబట్టి చేతిరాత కుదిరేదాకా ఆగకుండా, ముందు ఒక్క స్నేహితుణ్ని కుదిర్చినా నష్టం చాలా తగ్గుతుంది.

శరీర బలానికి ఈ నేల పేరుమోసింది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నుంచి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి దాకా, విజయనగరం దగ్గరి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల దాకా చెప్పుకోవడానికి చాలా ఉంది. అయితే బడిలో పీఈటీ మాస్టారి సమయమంతా మండల పోటీలకు ఎంపికైన పదిమందికే పోతుంది. ఆట బాగా వచ్చినవాడికే ఆట నేర్పుతాం, రానివాడికి ఈల ఊదే పని అప్పగిస్తాం. ఎవరికి ఆ పీరియడ్ ఎక్కువ అవసరమో వాళ్లే దానికి దూరమవుతారు. పదో తరగతి పిల్లలకు ఆ పీరియడే లెక్కల సార్ పట్టుకుపోతారన్నది మరో కథ.

పల్లె పిల్లలకు ఈ సమస్య ఉండదు, వంశధారలో ఈతలు కొడతారు, కొబ్బరిచెట్లెక్కుతారు అనే వాదన ఒకటి వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. కానీ ఈత వచ్చినంత మాత్రాన చొక్కా గుండీ పెట్టడం రాదు. కదలిక నేర్పు అనేది ఒకే ముద్ద కాదు, ఏ పని సాధన చేస్తే ఆ పనే ఎక్కువ వస్తుంది. విదేశాల్లో తయారైన పరీక్షల్ని ఇక్కడి పిల్లలకు యథాతథంగా పెడితే తికమక రావడానికీ అదే కారణం. ఇక్కడి ఆడపిల్ల ముగ్గుపిండి జారవిడిచే నేర్పును ఆ పరీక్ష కొలవదు. పైగా పల్లెలూ మారాయి. తల్లిదండ్రులు పనికోసం హైదరాబాదో చెన్నైయో పోతే పిల్లలు మామ్మ దగ్గర ఉండిపోతారు. బిడ్డ పడిపోతే కొడుక్కి ఏం జవాబు చెప్పాలన్న భయంతో ఆమె గడప దాటనివ్వదు, ఫోన్ చేతికిస్తుంది, ఆరేళ్లొచ్చినా తానే కలిపి తినిపిస్తుంది. ఆమెను తప్పుపట్టడం అన్యాయం, ఆమె భయం నిజమైనదే. మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు మూడు గంటలు ఒళ్లు కదిలే ఆట కావాలనీ, తెర ముందు గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క మాత్రం ఇలాంటి ఇళ్లలో తలకిందులవుతోంది.

ఏం పనిచేస్తుంది అన్న దగ్గర ఆశలు అమ్మేవాళ్లు చాలామంది. "మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్" పేరుతో కళ్లకు గంతలు కట్టి చదివిస్తామనే కోర్సులు పట్టణాల్లో వేలకు వేలు గుంజాయి, వాటికి శాస్త్రీయ ఆధారం ఏమీ లేదు. వ్యాయామం విషయంలో ఆధారం ఉంది, కానీ పరిమితంగానే. 2013లో మాథ్యూ పాంటిఫెక్స్ బృందం ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్ని ఇరవై నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిపించాక వెంటనే ధ్యాస పరీక్షల్లో, చదవడంలో, లెక్కల్లో మెరుగయ్యారని చూపించింది. వెంటనే అన్నది గమనించాలి. ఉదయం ప్రేయర్‌కు ముందు పరుగెత్తిస్తే మొదటి పీరియడ్ బాగుంటుంది, అంతవరకు ఆశించవచ్చు. మందు అవసరమైన బిడ్డకు పరుగు మందుకు బదులు కాదు.

చేతుల విషయంలో 2019లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేది సూటిగా ఉంటుంది. ఏ పని రావట్లేదో ఆ పనినే నేర్పాలి. గుండీ రాకపోతే గుండీ, సైకిల్ రాకపోతే సైకిల్. ముందు మెదడును సిద్ధం చేస్తామంటూ నెలల తరబడి వేరే కసరత్తులు చేయించడం వల్ల అసలు పని రాదు. కెనడాలో హెలెన్ పొలటైకో బృందం తయారుచేసిన పద్ధతిలో పిల్లవాడే తనకేం కావాలో చెప్తాడు, ఎలా చేయాలో ఉపాయం ఆలోచిస్తాడు, చేసి చూస్తాడు, సరిపోయిందో లేదో తానే తేలుస్తాడు. బూటు లేసు కట్టడం రాని పిల్లకు "ఇలా కాదు, అలా" అని చేతులు పట్టి చేయించే బదులు "ఎక్కడ జారుతోంది? అక్కడ ఏం చేస్తే ఆగుతుంది?" అని అడుగుతారు. ఓపిక కావాలి, ఖర్చు మాత్రం లేదు. మాస్టారి వైపు నుంచి అయితే బోర్డు మీది ప్రశ్న కూడా ఎక్కించమనకుండా జవాబు మాత్రమే రాయించుకోవడం, కొన్ని జవాబులు నోటితో చెప్పించుకోవడం, జట్లు పిల్లలకు వదలకుండా తానే విడదీయడం ఇప్పుడున్న పరిస్థితుల్లోనే చేయగలిగినవి.

ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నది చివరి ప్రశ్న. పసిబిడ్డ ఏ నెలకు ఏం చేయాలో తల్లీబిడ్డల రక్షణ కార్డులోనే ఉంటుంది, అంగన్‌వాడీ టీచర్‌తో కూర్చుని ఆ పేజీ చూడవచ్చు. కేంద్రం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్లో వెతకాల్సిన వాటిలో కదలికల ఆలస్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, ఏడీహెచ్‌డీ మూడూ ఉన్నాయి. బడికి వచ్చే ఆ బృందానికి మాస్టారు పేరు రాసిస్తే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలూ ఉన్నాయి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం రావాలంటే వంద కిలోమీటర్లకు పైనే, ఒక రోజు కూలి పోతుంది కాబట్టి, మొదట భవిత కేంద్రంలో చూపించి, ఏ రోజు ఏ డాక్టరు ఉంటారో కనుక్కుని బయలుదేరడం మేలు. ఐదేళ్ల లోపు పిల్లలకు డీసీడీ అని గట్టిగా చెప్పడం మామూలుగా జరగదు, గమనిస్తూ ఉండమంటారు.

సర్టిఫికెట్ కావాల్సినవాళ్లకు ఒక మెలిక ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు లేదు. నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందుల నిర్వచనంలో మాత్రం డిస్‌గ్రాఫియా, డిస్‌ప్రాక్సియా మాటలు ఉన్నాయి. మొదటిది రాతకు సంబంధించింది, రెండోది కదలికలకు. అందుకని ధ్యాస సమస్య అని డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు చదవడం, రాయడం, చేతిపనులు కూడా పరీక్షించమని అడిగి, ఆ ఫలితాన్ని కాగితం మీద రాయించుకుని రావాలి.